చూపు పోయాక టైలర్ కుర్రాడికి ఆల్జీబ్రా చెప్పారు.. లెక్కల పుస్తకాన్నే మార్చేసిన ఆయిలర్ జీవితం ఇదీ

ఇంటర్ ఎంపీసీ విద్యార్థి నోట్‌బుక్ తెరిస్తే ఏం కనిపిస్తుంది? ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని మొదలయ్యే ఫంక్షన్. మైనస్ ఒకటి వర్గమూలానికి 'ఐ' అనే అక్షరం. 2.718 దగ్గర మొదలయ్యే సంఖ్యకు 'ఈ' అనే అక్షరం. కూడికలకు సిగ్మా గుర్తు. వృత్తం వచ్చిన చోటల్లా పై. ఈ గుర్తులన్నీ ఎప్పటినుంచో ఉన్నాయని, ఎవరో కమిటీ కూర్చుని నిర్ణయించిందని చాలామంది అనుకుంటారు. కానీ వీటిలో దాదాపు అన్నీ ఒకే మనిషి కలం నుంచి వచ్చినవి. పై గుర్తును 1706లో విలియం జోన్స్ అనే ఆయన ముందే వాడారు. అయితే దాన్ని ప్రపంచమంతా వాడేలా చేసింది మాత్రం ఈయనే. పేరు లియొనార్డ్ ఆయిలర్. మన కాలేజీల్లో చాలామంది యూలర్ అని పలికేది కూడా ఈయన పేరునే.

గుర్తులు పెట్టడం ఒక ఎత్తు. స్కూల్ పిల్లలు సొంతంగా చదువుకుని లెక్కలు చేయగలిగేలా ఆల్జీబ్రా పుస్తకం తయారు చేయడం ఇంకో ఎత్తు. ఆ పుస్తకం చెప్పేనాటికి ఆయిలర్‌కు చూపు దాదాపు లేదు. ఆయన చెబుతుంటే కూర్చుని రాసింది ఏ ప్రొఫెసరో, శిష్యుడో కాదు. బట్టలు కుట్టే పని నేర్చుకున్న ఓ కుర్రాడు.

పాత పుస్తకం.. శనివారం మధ్యాహ్నం

1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఆయిలర్ పుట్టారు. తండ్రి పాల్ ఆయిలర్ చర్చి పాస్టర్. లియొనార్డ్ పుట్టిన కొద్దికాలానికే కుటుంబం పక్కనే ఉన్న రీహెన్ అనే ఊరికి మారింది. తండ్రికి లెక్కలంటే కాస్త ఇష్టం. కుర్రాడిగా ఉన్నప్పుడు యాకోబ్ బెర్నూలీ అనే పెద్ద గణితవేత్త క్లాసులు విన్నారాయన. అందుకే కొడుక్కి తొలి పాఠాలు తనే చెప్పారు. అందుకు ఎంచుకున్న పుస్తకం పిల్లల పుస్తకం కాదు. రుడాల్ఫ్ అనే జర్మన్ రచయిత 16వ శతాబ్దంలో రాసిన బీజగణిత గ్రంథం. మనం రోజూ వేసే వర్గమూలం గుర్తు తొలిసారి అచ్చులో కనిపించిన పుస్తకం అదే. ఆయిలర్ చేతికి వచ్చేసరికి దాని వయసు నూట యాభై ఏళ్లు దాటింది. అందులోని లెక్కలను చిన్నారి లియొనార్డ్ కొన్నేళ్ల పాటు కూర్చుని చేస్తూ పోయాడు.

తర్వాత బాసెల్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి లాటిన్ స్కూల్‌కు వెళ్లాడు. ఆ స్కూల్లో లెక్కలు చెప్పేవారే లేరు! ఇంట్లో ట్యూషన్ మాస్టారే దిక్కు. 13 ఏళ్లకు యూనివర్సిటీలో చేరాడు. ఆ రోజుల్లో ఆ వయసులో చేరడం మరీ వింత కాదు. అసలు మలుపు అక్కడే వచ్చింది.

యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ అప్పుడు బాసెల్‌లో ప్రొఫెసర్. క్యాలిక్యులస్‌లో యూరప్‌లోనే పేరుమోసిన వ్యక్తి. నాకు విడిగా పాఠాలు చెప్పండి అని ఆయిలర్ అడిగితే ఆయన కుదరదన్నారు. తీరిక లేదన్నారు. కానీ ఒక దారి చూపించారు. కష్టమైన పుస్తకాల పేర్లు చెప్పి, సొంతంగా చదువుకోమన్నారు. ఎక్కడైనా ఆగిపోతే శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు.

దీంతో వారమంతా ఒక్కడే కూర్చుని కుస్తీ పట్టేవాడు. శనివారం గురువు దగ్గరికి వీలైనంత తక్కువ డౌట్లతో వెళ్లాలన్నది పట్టుదల. ఒక్క చిక్కు విడిపోతే దాంతో పాటు పది చిక్కులు వాటంతటవే పోయేవని, లెక్కలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని పెద్దయ్యాక తన జీవిత కథ చెబుతూ గుర్తు చేసుకున్నారు. ఇప్పుడు రోజుకు పది గంటలు క్లాసులో కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీల పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం. అక్కడ డౌట్ పుట్టేలోపే జవాబు బోర్డు మీద ఉంటుంది. ఇక్కడ డౌట్‌ను వారం పాటు మోయాల్సిందే.

తండ్రి మాత్రం కొడుకు తనలాగే పాస్టర్ కావాలనుకున్నారు. ఆ చదువు కూడా మొదలైంది. చివరికి యోహాన్ బెర్నూలీయే కల్పించుకుని తండ్రిని ఒప్పించారు.

సముద్రం చూడకుండానే ఓడ లెక్క

1727లో పారిస్ అకాడమీ ఒక పోటీ పెట్టింది. ఓడ మీద తెరచాప స్తంభాలను ఎక్కడ నిలబెట్టాలన్నది ప్రశ్న. స్విట్జర్లాండ్‌కు సముద్రమే లేదు. అప్పటికి ఆయిలర్ పెద్ద ఓడను చూసిందీ లేదు. అయినా పేపర్ పంపారు. బహుమతి వేరొకరికి వచ్చినా ఆయన రాతకు గుర్తింపు దక్కింది. తర్వాతి కాలంలో అదే అకాడమీ బహుమతిని ఆయన 12 సార్లు గెలిచారు.

సొంత ఊరి యూనివర్సిటీలో ఫిజిక్స్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే రాలేదు. వయసు ఇరవై నిండలేదు మరి. అదే ఏడాది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా పెట్టిన అకాడమీకి బయల్దేరారు. యోహాన్ బెర్నూలీ కొడుకు డేనియల్ అప్పటికే అక్కడ ఉన్నారు. మొదట ఇచ్చిన పోస్టు శరీర ధర్మ శాస్త్రంలో. కొంతకాలం రష్యా నేవీలో మెడికల్ లెఫ్టినెంట్‌గా కూడా పని చేశారు. 1733లో డేనియల్ స్వదేశానికి వెళ్లిపోవడంతో గణితం పీఠం ఆయిలర్‌కు దక్కింది. మరుసటి ఏడాది జనవరిలో చిత్రకారుడి కూతురు కాథరీనా గ్సెల్‌ను పెళ్లి చేసుకున్నారు. 13 మంది పిల్లలు పుడితే పసితనం దాటి బతికింది ఐదుగురే. ఒడిలో పసిపాపను పెట్టుకుని, చుట్టూ పిల్లలు ఆడుతుంటే లెక్కలు రాసేవారని ఆయన గురించి చెబుతారు.

మూడు సబ్జెక్టులు కలిసిన ఒక్క లెక్క

ఆయిలర్ పేరు యూరప్ అంతా మోగింది 1735లో. అందుకు కారణమైన లెక్క చూడటానికి హైస్కూల్ లెక్కలా ఉంటుంది. ఒకటి, దానికి నాలుగో వంతు, తొమ్మిదో వంతు, పదహారో వంతు.. ఇలా ప్రతి పూర్ణసంఖ్య వర్గాన్నీ కింద పెట్టి, వాటన్నిటినీ కలుపుకుంటూ అంతం లేకుండా పోతే మొత్తం ఎంత? యాకోబ్ బెర్నూలీ దీనిపై తల పట్టుకుని, జవాబు దొరక్కుండానే కన్నుమూశారు. కూడుతూ పోదామంటే పని జరగదు. పది పదాలు కూడితే సుమారు 1.5498 వస్తుంది. వెయ్యి పదాలు కూడితే 1.6439. అంత చాకిరీ చేసినా సరైనవి రెండు దశాంశ స్థానాలే.

ఆయిలర్ చేసిన పని ఏంటో ఇంటర్ సెకండియర్ విద్యార్థికి అర్థమవుతుంది. ఒక సమీకరణంలో స్థిరపదం ఒకటి అయితే, దాని మూలాల వ్యుత్క్రమాల మొత్తం రెండో పదం గుణకానికి గుర్తు మార్చినంత ఉంటుంది. థియరీ ఆఫ్ ఈక్వేషన్స్‌లో ఇది మామూలు విషయం. ఇప్పుడు సైన్ ఎక్స్ విస్తరణను ఎక్స్‌తో భాగించండి. ఒకటి, మైనస్ ఎక్స్ వర్గం బై ఆరు, ప్లస్ ఎక్స్ నాలుగో ఘాతం బై నూట ఇరవై.. అలా పోతుంది. ఎక్స్ వర్గాన్ని ఒక కొత్త చలరాశిగా అనుకుంటే రెండో పదం గుణకం మైనస్ ఆరో వంతు. మరి మూలాలు? సైన్ సున్నా అయ్యేది పై, రెండు పై, మూడు పై.. ఈ కోణాల దగ్గర. కాబట్టి కొత్త చలరాశికి మూలాలు పై వర్గం, దానికి నాలుగు రెట్లు, తొమ్మిది రెట్లు.. వీటి వ్యుత్క్రమాల మొత్తం ఆరో వంతు కావాలి. అంటే అడిగిన మొత్తం పై వర్గంలో ఆరో వంతు. సుమారు 1.644934.

వృత్తం ఎక్కడా లేని లెక్కలోకి పై వచ్చి కూర్చుంది! ఆల్జీబ్రా, ట్రిగొనోమెట్రీ, క్యాలిక్యులస్ వేర్వేరు చాప్టర్లు కావని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఇందులో ఓ లోపం ఉంది. నాలుగైదు పదాలున్న సమీకరణానికి వర్తించే సూత్రం అంతం లేని పదాలకు కూడా వర్తిస్తుందని గ్యారంటీ ఏంటి? అప్పట్లోనే ఈ ప్రశ్న లేచింది. ఆయిలర్ దాన్ని కొట్టిపారేయలేదు. తర్వాతి ఏళ్లలో వేరే దారుల్లో మళ్లీ మళ్లీ నిరూపించారు. జవాబు మారలేదు.

అదే సమయంలో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. 1738 నాటికి కుడి కన్ను పోయింది. రష్యా మ్యాపులు తయారు చేసే పనిలో కళ్లు అలిసిపోవడమే కారణమని ఆయన నమ్మేవారు. ఆ ఏడాదే మరో రెండు పనులు అచ్చయ్యాయి. ఒకటి పీటర్స్‌బర్గ్ స్కూల్ పిల్లల కోసం రాసిన అంకగణిత పుస్తకం. కూడిక, తీసివేత దగ్గర్నుంచి ఎలా చేయాలో మాత్రమే కాదు, ఎందుకు అలా చేయాలో చెప్పే పుస్తకం అది. రెండోది మనకు సంబంధించింది. బాయర్ అనే అకాడమీ సహచరుడు రాసిన చరిత్ర గ్రంథానికి అనుబంధంగా, భారతీయుల సౌర సంవత్సరం లెక్క గురించి ఆయిలర్ ఓ వ్యాసం రాశారు. పంచాంగం లెక్కలు ఆ కాలంలోనే అంత దూరం వెళ్లాయన్నమాట.

'జ్య' నుంచి సైన్ వరకు

1741లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ పిలుపుతో ఆయిలర్ బెర్లిన్ వెళ్లారు. అక్కడ 25 ఏళ్లు. ఇవాళ కాలేజీలో చదివే గణితానికి రూపం వచ్చింది ఎక్కువగా ఈ కాలంలోనే.

1748లో వచ్చిన రెండు సంపుటాల గ్రంథం ఒక్కటే చూడండి. అంతకు ముందు సైన్ అంటే ఒక గీత పొడవు. వృత్తంలో జ్యాలో సగం. మన ఆర్యభటుడి కాలం నుంచి వస్తున్న లెక్క ఇది. సంస్కృతంలోని జ్య, జీవ అనే మాటలే అరబ్బీలోకి వెళ్లి, అక్కడ ఇంకో మాటగా పొరబడి, లాటిన్‌లో సైనస్ అయ్యాయి. పొడవు కాబట్టి వృత్తం పెద్దదైతే సైన్ కూడా పెద్దదవుతుంది. యూరప్ పట్టికల్లో వ్యాసార్థం కోటి యూనిట్లని పెట్టుకుని లెక్కలు కట్టిన సందర్భాలున్నాయి. ఆయిలర్ ఏం చేశారంటే వ్యాసార్థాన్ని ఒకటి చేసేశారు. సైన్, కాస్ ఇక గీతలు కావు, కోణంతో పాటు మారే సంఖ్యలు. ఫంక్షన్లు! వాటిని కూడొచ్చు, గుణించొచ్చు, అవకలనం చేయొచ్చు.

అదే గ్రంథంలో ఇంకో అద్భుతం. 'ఈ' మీద ఐ థీటా ఘాతం వేస్తే కాస్ థీటా ప్లస్ ఐ సైన్ థీటా వస్తుందన్నారు. విద్యార్థికి దీంతో ఏం లాభం? కాస్ మూడు థీటా ఫార్ములా మర్చిపోయారనుకోండి. కాస్ ప్లస్ ఐ సైన్‌ను ఘనం చేయండి. ఐ లేని భాగం మాత్రం తీసుకోండి. కాస్ ఘనం మైనస్ మూడు కాస్ సైన్ వర్గం వస్తుంది. సైన్ వర్గాన్ని ఒకటి మైనస్ కాస్ వర్గంగా మారిస్తే నాలుగు కాస్ ఘనం మైనస్ మూడు కాస్. బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. ఐ ఉన్న భాగంలో సైన్ మూడు థీటా ఫార్ములా ఉచితంగా దొరుకుతుంది.

1755లో అవకలనంపై పెద్ద పుస్తకం వచ్చింది. సిగ్మా గుర్తు కనిపించేది ఇందులోనే. సమాకలనంపై మూడు సంపుటాలు 1768 నుంచి 1770 మధ్య వచ్చాయి. ఇప్పుడు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో స్థిర గుణకాలు ఉంటే, జవాబు 'ఈ' మీద ఏదో ఘాతంగా ఉంటుందని ఊహించి, మొత్తం లెక్కను మామూలు వర్గ సమీకరణంగా మార్చేస్తాం కదా. ఆ కిటుకు కూడా ఆయనదే.

ఇంత చేసినా రాజుకు ఆయన నచ్చలేదు. ఫ్రెడరిక్‌కు కావాల్సింది సభలో చమత్కారంగా మాట్లాడేవాళ్లు. ఆయిలర్‌ది సాదా మాట, దైవభక్తి, ఇల్లు, పిల్లలు. ఒంటికన్ను రాక్షసుడి పేరు పెట్టి రాజు ఎగతాళి చేసేవాడు. తన ప్యాలెస్ తోటలో ఫౌంటెన్‌కు నీళ్లెక్కకపోతే ఆ తప్పును గణితం మీదికి నెట్టాడు. నిజానికి గొట్టాలు ఒత్తిడికి తట్టుకోవని ఆయిలర్ ముందే హెచ్చరించారు. డబ్బు మిగుల్చుకోవాలని ఆ మాట వినలేదు. ఇంజినీర్ మాట వినకుండా కట్టి, కూలాక ఇంజినీర్‌నే అనే అలవాటు కొత్తదేం కాదు.

బెర్లిన్‌లో ఉండగానే ఒక యువరాణికి సైన్స్ పాఠాలు ఉత్తరాల రూపంలో రాశారు. మొత్తం 200కు పైగా ఉత్తరాలు. వెలుతురు, శబ్దం, ఆకాశం ఎందుకు నీలం, తర్కం అంటే ఏంటి.. ఒక్క ఫార్ములా భయపెట్టకుండా చెప్పుకుంటూ పోయారు. తర్వాత అచ్చయితే యూరప్‌లో అనేక భాషల్లోకి వెళ్లింది. ఎదుటివాడికి ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించి చెప్పే గుణం ఆయనకు అప్పటికే చేయి తిరిగిన విద్య.

చీకట్లో చెప్పిన పుస్తకం

1766లో కేథరిన్ మహారాణి పిలుపుతో ఆయిలర్ తిరిగి పీటర్స్‌బర్గ్ చేరారు. వచ్చిన కొద్ది కాలానికే మిగిలిన ఎడమ కంటికి శుక్లం. వెలుతురు, చీకటి తేడా తప్ప పెద్దగా ఏమీ కనిపించని స్థితి. వయసు అరవై. వేరొకరైతే పెన్షన్ తీసుకుని కూర్చునేవారు. ఆయిలర్ ఆల్జీబ్రా పుస్తకం మొదలుపెట్టారు.

బెర్లిన్ నుంచి వస్తూ వెంట తెచ్చుకున్న పనివాడు ఒకడుండేవాడు. టైలర్ పని నేర్చుకున్నవాడు. కూడికలు, తీసివేతలు తప్ప గణితం తెలియదు. తెలివితేటలు కూడా మామూలే. ఆయిలర్ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. అతను రాస్తాడు. అర్థం కాకపోతే ఆగుతాడు. అప్పుడు ఆయిలర్ ఇంకోలా చెబుతారు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ కుర్రాడికి చెప్పిందంతా అర్థమవడమే కాదు, కష్టమైన ఆల్జీబ్రా లెక్కలు ఇస్తే ఎవరి సాయం లేకుండా చేయగలిగాడని పుస్తకం ముందుమాటలో ప్రచురణకర్తలు రాశారు. అతని పేరు మాత్రం రాయలేదు. గణిత చరిత్రలో ఇంత మేలు చేసిన శిష్యుడి పేరు లేకపోవడం కాస్త బాధ కలిగించే విషయమే.

మొదట రష్యన్‌లో 1768-69లో, తర్వాత 1770లో జర్మన్‌లో పుస్తకం వచ్చింది. ప్లస్, మైనస్ అంటే ఏంటన్న దగ్గర మొదలై భిన్నాలు, ఘాతాలు, లాగరిథమ్‌లు, వర్గ సమీకరణాలు, ఘన సమీకరణాల దాకా మెట్టు మెట్టుగా వెళ్తుంది. మైనస్‌ను అప్పుతో పోల్చి చెప్పారు. మధ్యలో బజారు లెక్కలు, గాడిద కంచరగాడిద బరువుల లెక్కలు.

అందులో ఒకటి కోడిగుడ్ల లెక్క. ఇద్దరు పల్లెటూరి ఆడవాళ్లు కలిపి 100 గుడ్లు బజారుకు తెచ్చారు. ఒకరివి ఎక్కువ, ఒకరివి తక్కువ. అయినా అమ్మాక ఇద్దరికీ వచ్చిన డబ్బు సమానం. నీ గుడ్లు నా దగ్గర ఉండుంటే నా రేటుకు 15 క్రూట్జర్లు వచ్చేవని మొదటామె అంది. నీవి నా దగ్గర ఉంటే నా రేటుకు వచ్చేది ఆరు, ఆపై మూడింట రెండు వంతుల క్రూట్జర్లే అని రెండో ఆమె అంది. ఎవరి దగ్గర ఎన్ని గుడ్లు?

మొదటామె గుడ్లు ఎక్స్ అనుకుంటే రెండో ఆమెవి 100 మైనస్ ఎక్స్. మొదటామె ఒక్కో గుడ్డు ధర 15 బై 100 మైనస్ ఎక్స్. రెండో ఆమె ధర మూడింట ఇరవై బై ఎక్స్. ఎవరి గుడ్లను వాళ్ల ధరతో గుణించి సమానం చేయాలి. అడ్డగుణకారం చేస్తే 45 ఎక్స్ వర్గం, 20 ఇంటూ 100 మైనస్ ఎక్స్ మొత్తం వర్గానికి సమానం. ఇక్కడ చాలామంది విద్యార్థులు వర్గాన్ని విస్తరించి, పెద్ద అంకెలతో ఫార్ములా వేసి తప్పుల్లో పడతారు. ఆ పని చేయక్కర్లేదు. అయిదుతో భాగిస్తే ఒకవైపు 9, మరోవైపు 4 మిగులుతాయి. రెండూ వర్గాలే. వర్గమూలం తీసేస్తే 3 ఎక్స్ ఈక్వల్ టు 2 ఇంటూ 100 మైనస్ ఎక్స్. అంటే ఎక్స్ 40. మైనస్ గుర్తు తీసుకుంటే మైనస్ 200 గుడ్లు వస్తాయి, బజారులో అలాంటివి ఉండవు కాబట్టి వదిలేయాలి. సరిచూద్దాం. మొదటామె 40 గుడ్లు, గుడ్డు పావు క్రూట్జర్. మొత్తం 10. రెండో ఆమె 60 గుడ్లు, గుడ్డు ఆరో వంతు. మొత్తం 10. సరిపోయింది.

ఇదే పుస్తకంలో రెండున్నర శతాబ్దాలుగా చర్చకు దారితీసిన చోటు కూడా ఉంది. మైనస్ రెండు వర్గమూలాన్ని మైనస్ మూడు వర్గమూలంతో గుణిస్తే ఆరు వర్గమూలం వస్తుందని అందులో ఉంది. ఇవాళ ఇంటర్ విద్యార్థి అలా రాస్తే మార్కు పోతుంది. మైనస్ ఒకటి వర్గమూలాన్ని విడిగా తీస్తే జవాబు మైనస్ ఆరు వర్గమూలం. అంధుడు చెబుతుంటే రాసిన పుస్తకం కాబట్టి పొరపాటు దొర్లిందని కొందరన్నారు. వర్గమూలానికి ఎప్పుడూ రెండు విలువలుంటాయన్న లెక్కన ఆయిలర్ మాట తప్పు కాదని ఇంకొందరు వాదించారు. రెండో వాదనలో బలం ఉంది. కానీ పరీక్ష హాల్లో మాత్రం ముందు ఐ బయటికి తీసి, ఆ తర్వాతే గుణించడం క్షేమం. ఆ ఐ గుర్తును ఆయిలర్ వాడింది కూడా ఈ పుస్తకం తర్వాతే, 1777లో.

మంటలు, ఆపరేషన్

1771లో పీటర్స్‌బర్గ్‌లో భారీ అగ్నిప్రమాదం. ఆయిలర్ ఇల్లు తగలబడింది. కళ్లు కనిపించని పెద్దాయన లోపల చిక్కుకుపోయారు. బాసెల్ ఊరివాడే అయిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి దూరి, ఆయన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. రాతప్రతులు చాలావరకు దక్కాయి. ఇల్లు, పుస్తకాలు పోయాయి.

అదే ఏడాది కంటికి ఆపరేషన్ జరిగింది. కొన్ని రోజులు చూపు వచ్చింది! ఇంట్లో అంతా పండగ. ఇంతలోనే ఇన్ఫెక్షన్ సోకి తీవ్రమైన నొప్పితో ఆ చూపు కూడా పోయింది. ఈసారి పూర్తిగా. 1773లో భార్య కాథరీనా చనిపోయారు. మూడేళ్ల తర్వాత ఆమె సవతి చెల్లెలిని పెళ్లాడారు.

పని మాత్రం ఆగలేదు, నిజానికి పెరిగింది. బాసెల్ నుంచి వచ్చిన నికొలస్ ఫుస్, కొడుకు యోహాన్ ఆల్‌బ్రెక్ట్, ఇంకొందరు ఎదురుగా కూర్చునేవారు. పెద్ద పలక మీద ఆయిలర్ తడుముకుంటూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవారు. వాళ్లు దాన్ని చూసి విస్తరించి పేపర్‌గా రాసేవారు. ఆయన మొత్తం రచనలు 860కి పైగా. వాటిలో దాదాపు సగం పీటర్స్‌బర్గ్‌కు తిరిగొచ్చాక పుట్టినవే. ఆయన పోయాక కూడా అకాడమీ దశాబ్దాల పాటు ఆయన పేపర్లు అచ్చు వేస్తూనే ఉంది. 1911లో మొదలైన సంపూర్ణ రచనల ప్రచురణ 80 సంపుటాలు దాటింది.

1783 సెప్టెంబర్ 18. ఆ ఉదయం మనవడికి లెక్కల పాఠం చెప్పారు. ఫ్రాన్స్‌లో మాంట్‌గోల్ఫియర్ సోదరులు బెలూన్ ఎగరేశారన్న వార్త ఆ రోజుల్లో యూరప్ అంతా మాట్లాడుకుంటోంది. అది ఎంత ఎత్తుకు, ఎంత వేగంతో వెళ్తుందో పలక మీద లెక్క వేశారు. మధ్యాహ్నం భోజనం దగ్గర, రెండేళ్ల కిందటే కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి మాట్లాడారు. సాయంత్రం మనవడితో ఆడుకుంటూ ఉండగా మెదడులో రక్తస్రావమైంది. ఆ రాత్రే కన్నుమూశారు. వయసు 76.

పలక మీది బెలూన్ లెక్కను ఇంట్లోవాళ్లు చెరపలేదు. ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించి పారిస్ పంపారు. చనిపోయాక పలక మీద దొరికిన లెక్క అని శీర్షికలోనే చెప్పి పారిస్ అకాడమీ దాన్ని అచ్చు వేసింది.